ఫొటోకి దండ సరే, కుర్చీ సంగతేంది?

ఏప్రిల్ 14 వచ్చిందంటే ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో, బ్యాంకుల్లో బాబాసాహెబ్ ఫొటో బయటికొస్తుంది. ఏడాదంతా బీరువా వెనక దుమ్ముకొట్టుకున్న ఫొటోని ఆ రోజు తుడుస్తారు. తుడిచేది మన మనిషే. కుర్చీలు వేసేది మన మనిషే. బజారుకెళ్ళి దండ తెచ్చేది మన మనిషే. దండ వేసేది మాత్రం వేరే మనిషి.

వేదాద్రి నుంచి జగ్గయ్యపేట, నందిగామ దాకా మా పల్లెల వాళ్ళు పనికిపోయే కర్మాగారం ఒకదాన్లో అట్లాంటి సభే చూశాం. దాని పేరు ఇక్కడ ముఖ్యం కాదు. వేదిక మీద అయిదు కుర్చీలు. అయిదింట్లో ఒక్కదాన్లోనూ మనవాళ్ళు లేరు. 'అంబేద్కర్ అందరివాడు' అని ఒకాయన ఉపన్యాసం. లోడింగు కార్మికులు మసి గుడ్డలతో వెనక నిలబడి విన్నారు. వాళ్ళలో ఒకడు 'అయ్యా, నేనొక్క మాట మాట్లాడొచ్చా' అని చెయ్యెత్తాడు. 'టైమైపోయింది, మళ్ళీ ఏడు చూద్దాం' అన్నారు. లడ్డు చేతిలో పెట్టి షిఫ్టుకి పంపారు.

ఇంటికొచ్చాక ఆ మాట మీద మేము కోపంగా తిట్టుకుంటుంటే, సున్నపురాయి క్వారీలో వయసంతా అరగదీసుకున్న పెద్దయ్య ఒకాయన ఇట్లా అన్నాడు: 'ఒరే అబ్బాయిలూ, ఒకప్పుడు ఆ ఫొటో పెడతామంటే గేటు బయట పెట్టుకోమన్నార్రా. ఇయ్యాల లోపల పెట్టారు. అది మనం గెలిచిందే. కానీ ఫొటో లోపలికి పోయింది గానీ మనం ఇంకా గేటు కాడే ఉన్నాం.'

ఈ వ్యాసం మేము రాస్తున్నది ఆ పెద్దయ్య మాట పట్టుకునే. ఫొటోకి గౌరవం వేరు, మనిషికి గౌరవం వేరు. మొదటిది ఇచ్చి రెండోది ఎగ్గొట్టడం ఇవ్వాళ పెద్దమనుషులు నేర్చిన కొత్త విద్య. ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో నల్లజాతి ప్రజలు మనకంటే ముందే ఈ విద్యని చూశారు. వాళ్ళ అనుభవం మనకి పనికొస్తుంది కాబట్టి ముందు వాళ్ళ కథ చెప్పుకుందాం.

మనకీ నల్లవాళ్ళకీ చుట్టరికం ఏంది అని ఎవరైనా అడగొచ్చు. చుట్టరికం పాతదే. 1873లో మహాత్మా ఫూలే 'గులాంగిరి' రాసి, బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకి అంకితమిచ్చాడు. 1946లో బాబాసాహెబ్ అంబేద్కర్ అమెరికాలోని నల్లజాతి మేధావి డుబోయిస్‌కి ఉత్తరం రాశాడు. నల్లవాళ్ళు తమ సమస్యని ఐక్యరాజ్యసమితి ముందు పెడుతున్నారని విని, ఆ కాగితాల ప్రతి కావాలని అడిగాడు. డుబోయిస్ జవాబిచ్చాడు. 1972లో బొంబాయి కుర్రాళ్ళు అమెరికా బ్లాక్ పాంథర్ల పేరు తీసుకుని దళిత్ పాంథర్స్ పెట్టారు. అలెక్స్ హేలీ 'రూట్స్' నవల సహవాసి తెలుగులో 'ఏడు తరాలు'గా వచ్చి మన పల్లెల్లో చేతులు మారింది. కుంటా కింటే కాలి పాదాన్ని నరికిన చోట మన తాతల వీపుల మీది చర్నాకోల దెబ్బలు గుర్తుకొచ్చి ఏడ్చినవాళ్ళు ఉన్నారు. కారంచేడు తర్వాత ఉద్యమంలోంచి పుట్టిన ఒక పత్రిక 'నలుపు' అనే పేరు పెట్టుకుంది. నలుపంటే ఒంటి రంగొక్కటే కాదు. నలుపంటే ఎటువైపు నిలబడ్డావన్న లెక్క. అంతకు ముందెప్పుడో 1920ల మొదట్లోనే మన కుసుమ ధర్మన్న, తెల్లదొర పోతే నల్లదొర వస్తాడు, ఆ పెత్తనం కూడా మాకొద్దు అని పాట కట్టాడు. ఒంటి రంగు ఒకటైనంత మాత్రాన అందరూ ఒకవైపు వాళ్ళు కారని ఆనాడే చెప్పాడు.

అమెరికాలో ఫిబ్రవరి నెలని నల్లజాతి చరిత్ర నెలగా జరుపుకుంటారు. దీన్ని మొదలుపెట్టింది ప్రభుత్వం కాదు, కంపెనీలు అంతకన్నా కాదు. మొదలుపెట్టింది కార్టర్ వుడ్సన్. అమ్మానాన్నలు ఒకప్పుడు బానిసలు. తను కుర్రతనంలో బొగ్గు గనిలో పనిచేశాడు. ఇరవై ఏళ్ళ వయసు దగ్గర హైస్కూలు మెట్లెక్కి, చివరికి 1912లో హార్వర్డులో డాక్టరేటు తీసుకున్నాడు. తన జాతికి చరిత్రే లేదన్న మాట ఆ పెద్ద చదువులోనే విన్నాడు. 1926లో 'నీగ్రో చరిత్ర వారం' మొదలుపెట్టాడు. నల్ల పంతుళ్ళు తమ బళ్ళలో, చర్చిల్లో దాన్ని నడిపారు. యాభై ఏళ్ళకి, 1976లో, అమెరికా ప్రభుత్వం దాన్ని నెలగా గుర్తించింది. ఆ తర్వాతే కంపెనీలు రంగురంగుల బోర్డులు కట్టడం మొదలుపెట్టాయి. ముందు కార్మికుడి కొడుకు, తర్వాత పంతులు, ఆఖర్న యజమాని. మన ఏప్రిల్ 14 కథ కూడా ఇదే వరసలో నడిచింది. పల్లెల్లో కిరసనాయిలు దీపాల కింద జరుపుకున్న జయంతి ఇవ్వాళ ఏసీ గదిలోకి చేరింది.

ఇప్పుడు ఇంకో సంగతి వినండి. అదే దేశంలో 2025 జనవరిలో కొత్త ప్రభుత్వం వచ్చీ రాగానే కేంద్ర కొలువుల్లో అన్ని జాతులకీ చోటు కల్పించే కార్యక్రమాలని ఒక్క సంతకంతో ఎత్తేసింది. అంతకు ముందు ఏళ్ళలో పోటీపడి బోర్డులు కట్టిన పెద్ద కంపెనీలు కొన్ని, తమ కార్యక్రమాలు తామే చుట్టేసుకున్నాయి. అంటే ఏంది? యజమాని దయతో పెట్టిన పండగని యజమాని ఎప్పుడైనా తీసేస్తాడు. దండ వేసిన చెయ్యే దండ తీస్తుంది. అయితే నల్లవాళ్ళు గెలిచినవన్నీ ఇట్లా ఊడిపోతాయా? పోవు. సంఘం పెట్టుకుని, చట్టం చేయించుకుని గెలిచినవి అంత తేలిగ్గా పోవు. దానికి రెండు ఉదాహరణలు చెబుతాం.

మొదటిది రైలు పెట్టెల్లో కూలీలది. అమెరికాలో పుల్‌మన్ అనే కంపెనీ పడక పెట్టెలు నడిపేది. అందులో పక్కలు వేసి, బూట్లు తుడిచి, సామాన్లు మోసే పోర్టర్లు నల్లవాళ్ళు. ప్రయాణికులు వాళ్ళని అసలు పేరుతో పిలిచేవాళ్ళు కాదు. కంపెనీ యజమాని జార్జి పుల్‌మన్ పేరు మీద, పోర్టరు ఎవరైనా సరే 'జార్జీ' అనే పిలుపు. బానిసని యజమాని పేరుతో పిలిచిన పాత అలవాటే అది. మన దగ్గర అరవై ఏళ్ళ మనిషిని పదహారేళ్ళ పిల్లగాడు 'ఒరేయ్' అన్నట్టే. ఆ పోర్టర్లు 1925లో ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో సంఘం పెట్టుకున్నారు. కంపెనీ వేగుల్ని పెట్టింది, పనుల్లోంచి తీసేసింది. పన్నెండేళ్ళు కొట్లాడితే 1937లో కంపెనీ దిగొచ్చి ఒప్పందం మీద సంతకం పెట్టింది. వాళ్ళడిగింది కూలి ఒక్కటే కాదు, తమ పేరుతో తమని పిలవమని కూడా అడిగారు. అదే రాండాల్ఫ్ 1941లో, యుద్ధ సామగ్రి ఫ్యాక్టరీల్లో నల్లవాళ్ళకి ఉద్యోగాలివ్వకపోతే రాజధానికి నడిచొస్తామన్నాడు. ఇంకా నడవకముందే, జూన్ 25న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆ వివక్ష చెల్లదని ఉత్తర్వు ఇచ్చాడు. కూలీల్లోంచి వచ్చిన సంఘం ఒకటి దేశాధ్యక్షుడి చేత సంతకం పెట్టించింది. నాయకత్వం అంటే అది.

రెండోది పారిశుద్ధ్య కార్మికులది. 1968 ఫిబ్రవరి 1న మెంఫిస్ పట్నంలో వాన పడుతుంటే ఇద్దరు నల్ల కార్మికులు చెత్త బండి లోపల తలదాచుకున్నారు. బండిలో చెత్త నొక్కే యంత్రం చెడిపోయి ఉన్నట్టుండి కదిలింది, ఇద్దరూ నలిగి చచ్చిపోయారు. పదమూడు వందల మంది పని ఆపేశారు. మెడలో అట్టలు కట్టుకుని నడిచారు. అట్టమీద రాసింది ఒక్కటే మాట: 'నేను మనిషిని.' వాళ్ళకి అండగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్‌ని ఏప్రిల్ 4న అదే ఊళ్ళో కాల్చి చంపారు. ఏప్రిల్ 16న నగర పాలకులు దిగొచ్చి సంఘాన్ని గుర్తించారు, కూలి పెంచారు. కింగ్ ఫొటోకి ఇవ్వాళ ప్రపంచమంతా దండ వేస్తుంది. ఆయన చచ్చిపోయింది చెత్త ఎత్తేవాళ్ళ కూలి కోసం, వాళ్ళ గౌరవం కోసం అన్న మాట మాత్రం దండ వేసేవాళ్ళు చెప్పరు.

మన బాబాసాహెబ్‌కీ అట్లాగే చేశారు. రాజ్యాంగం రాశాడంటారు, అక్కడితో ఆపుతారు. పని చోట కులం గురించి ఆయన ఏమన్నాడో చెప్పరు. 1938 ఫిబ్రవరిలో మన్మాడులో రైల్వే దళిత కార్మికుల సభలో ఆయన, కార్మికులకి శత్రువులు ఇద్దరు, ఒకటి బ్రాహ్మణిజం, రెండు పెట్టుబడిదారీతనం అని తేల్చి చెప్పాడు. రైల్వేలో అంటరానివాడు గాంగుమన్‌గా చేరి గాంగుమన్‌గానే ముసలివాడవుతున్నాడన్నాడు. బొంబాయి మిల్లుల్లో మనవాళ్ళని ఎక్కువ కూలి వచ్చే నేత ఖాతాలోకి రానిచ్చేవాళ్ళు కాదు. ఎందుకు? దారం తెగితే కండెలోంచి నోటితో పీల్చి ఎక్కించాలి. మాలమాదిగల ఎంగిలి తగిలిన దారం మేము ముట్టం అన్నారు తోటి కార్మికులు. యూనియన్లు చూసీ చూడనట్టు ఊరుకున్నాయి. ఆయన 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూశాడు. ఎనిమిది గంటల పని చట్టంలోకి రావడానికి ఆయన పట్టుబట్టాడు. ఇవ్వాళ ఎనిమిది గంటలకి సైరన్ మోగితే ఇంటికెళ్ళే ప్రతి కులంవాడూ ఆయనకి బాకీ ఉన్నాడు.

మిల్లు దారం ఎంగిలి పాత కథ అనుకోకండి. మన తెలుగువాళ్ళు, అందులోనూ మన ఉమ్మడి కృష్ణా జిల్లావాళ్ళు, లెక్కలేనంత మంది అమెరికా వెళ్ళారు. వాళ్ళకి ఆ తలుపు ఎవరు తీశారు? నల్లవాళ్ళ పోరాటంతో 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. ఆ వేడిలోనే 1965లో వలస చట్టం మారి ఆసియావాళ్ళకి దారి దొరికింది. నల్లవాళ్ళు దెబ్బలు తిని తీసిన తలుపులోంచి మన అగ్రకులాల వాళ్ళు లోపలికి పోయారు. పోతూ పోతూ సంచిలో కులాన్ని తీసుకుపోయారు. 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ ఒకటి సిస్కో కంపెనీ మీద దావా వేసింది. ఒక దళిత ఇంజనీరు రిజర్వేషన్లో చదివాడన్న సంగతి పై కులం మేనేజరు తోటివాళ్ళకి చెప్పాడనీ, ఫిర్యాదు చేశాక అతన్ని పక్కన పెట్టారనీ ఆరోపణ. కంపెనీ కాదన్నది. 2023లో ఆ శాఖ ఇద్దరు మేనేజర్ల మీద కేసు వదులుకుంది, కంపెనీ మీద మాత్రం వదల్లేదు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షని నిషేధించింది. అమెరికాలో అట్లా చేసిన మొదటి నగరం అదే. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ అట్లాంటి బిల్లే పాస్ చేస్తే, అక్టోబరులో గవర్నరు సంతకం పెట్టలేదు. ఉన్న చట్టాలే చాలన్నాడు. నల్లవాళ్ళ పండగ రోజు కంపెనీలో కేకు తినడానికి ముందుంటారు, కులం అనే మాట చట్టంలో రాస్తామంటే మాత్రం అడ్డం పడతారు. అట్లాంటి పెద్దమనుషులు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు.

ఇక మన గడ్డ సంగతికొద్దాం. వేదాద్రి అంటే వేదాల కొండ. వేదాలు కృష్ణ నీళ్ళలో సాలగ్రామాలై ఉన్నాయని కథ చెబుతారు. శూద్రుడు వేదం వింటే చెవిలో కరిగిన సీసం పోయమన్నది ధర్మసూత్రం. శూద్రుడికే అట్లా ఉంటే, ఊరి బయటివాళ్ళం మన సంగతి ఏం చెప్పాలి. కానీ ఈ గడ్డకి ఇంకో వారసత్వం ఉంది. జగ్గయ్యపేట పక్కన బౌద్ధ స్తూపం ఉంది. 1882లో బర్జెస్ దొర దాన్ని వెలుగులోకి తెచ్చాడు. అక్కడి ఆయక స్తంభాల మీద ఇక్ష్వాకుల కాలం నాటి శాసనం ఉంది. సుమారు పదిహేడు వందల ఏళ్ళ నాటిది. ఆ స్తంభాలు అయిదింటినీ నిలబెట్టినవాడు సిద్ధార్థుడనే పనివాడు, పనివాడి కొడుకు. శాసనంలో రాజు పేరుంది, దాంతోపాటు ఆ పనివాడి పేరూ, అతని తండ్రి పేరూ, ఊరి పేరూ ఉన్నాయి. పదిహేడు వందల ఏళ్ళ కింద మన మండలంలో రాతిపని చేసిన మనిషి పేరు రాతి మీదికెక్కింది. ఇవ్వాళ ఇదే గడ్డమీద సున్నపురాయి తవ్వే మనిషి పేరు హాజరుపట్టీలో కూడా సరిగ్గా ఉండదు. కాంట్రాక్టరు దగ్గర ఒక పేరు, పీఎఫ్ కాగితంలో ఇంకో పేరు, గేటు కాడ 'ఒరేయ్'.

1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన సభ జరిగింది. పంచములు అనే పేరు మాకొద్దు, మేము ఆది ఆంధ్రులం అని అక్కడ మన పెద్దలు ప్రకటించారు. ఇక్కణ్ణించి బెజవాడ ఒక పూట ప్రయాణం. అమెరికా పోర్టర్లు 'జార్జి' వద్దని సంఘం పెట్టుకోవడానికి ఎనిమిదేళ్ళ ముందే మనవాళ్ళు తమ పేరు తామే పెట్టుకున్నారు. మన వారసత్వం ఇది. కర్మాగారంలో ఏప్రిల్ 14న చెప్పాల్సింది ఇది. 'అంబేద్కర్ అందరివాడు' అనే ఒక్క ముక్కతో దీన్నంతా చుట్టేసి అటకెక్కిస్తే ఊరుకోం.

కుర్చీ ఇస్తే సరిపోద్దా అంటే అదీ చాలదు. పంచాయతీల్లో చూశాం. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకొచ్చాక మనవాళ్ళు సర్పంచులయ్యారు. రిజర్వేషన్ సీటు కాబట్టి నిలబెట్టారు. గెలిచాక కుర్చీ పెత్తందారుది, సంతకం మన మనిషిది అయిన ఊళ్ళు ఎన్ని లేవు? ఆగస్టు 15న జెండా తాడు మన సర్పంచి చేతికి ఇవ్వడానికి మొహం చిట్లించిన ఊళ్ళు ఎన్ని లేవు? నందిగామ అసెంబ్లీ సీటు 2009 ఎన్నికల నుంచి ఎస్సీ రిజర్వుడు. సీటు మనదే. దాని పక్కన నిలబడి ఫోను చేసేవాడు ఎవరన్నది మీరే చూసుకోండి. కుర్చీలో మనిషి, మనిషి వెనక సంఘం, సంఘం వెనక పల్లె ఉంటేనే ఆ కుర్చీకి నాలుగు కాళ్ళూ ఉన్నట్టు.

ఇంతసేపూ ఎదుటివాణ్ణి అన్నాం. ఇప్పుడు మన ఇంటి మాట. దీన్ని దాస్తే మేము రాసిందంతా దండ వేసినట్టే అవుద్ది. మన సంఘాల్లో వేదిక మీద కుర్చీలు ఎవరివి? మాలపల్లె సంఘంలో మాదిగ కుర్రాడు డప్పు కొట్టడానికే పనికొస్తాడా, అధ్యక్షుడుగా పనికిరాడా? 1994లో ఈదుమూడిలో దండోరా మోగింది ఊరికే కాదు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీల వర్గీకరణ చెల్లుతుందని చెప్పింది. ఆ తీర్పు మీద ఎవరి అభిప్రాయం ఏదైనా ఉండొచ్చు. కానీ వాటా అడిగిన తమ్ముణ్ణి శత్రువంటే మాత్రం, మనం అగ్రకులాల పాఠమే వల్లెవేస్తున్నాం. రెల్లివాళ్ళు చెత్త ఎత్తుతూనే ఉన్నారు, మన సభల్లో వాళ్ళ కుర్చీ ఏది? మిరపచేలో, పత్తిచేలో నడుం విరిగేదాకా వంగేది మన అక్కచెల్లెళ్ళు. సభకి జనాన్ని తెచ్చేది వాళ్ళు. మైకు ముందుకొచ్చేసరికి 'అమ్మా, మీరు కూర్చోండి' అంటాం. ఆ కర్మాగారం పెద్దమనిషి 'టైమైపోయింది' అన్న మాటకీ, దీనికీ తేడా ఏంది?

కాబట్టి మేము అడిగేది ఇది. గాలి మాటలు కాదు, చేసి చూపించగలిగినవే అడుగుతున్నాం.

ఒకటి. వచ్చే ఏప్రిల్ 14న పని చోట సభకి అధ్యక్షత ఆ చోట అందరికంటే ఎక్కువ ఏళ్ళు పనిచేసిన దళిత కార్మికుడో, కార్మికురాలో వహించాలి. మేనేజరు కింద కూర్చుని వినాలి. ఒక్క పూట వింటే ఆయన పరువేం పోదు.

రెండు. కార్మికుణ్ణి పేరు పెట్టి పిలవాలి, గౌరవంగా పిలవాలి. కాంట్రాక్టు కార్మికుడైనా సరే హాజరుపట్టీలో, గుర్తింపు కార్డులో, పీఎఫ్ కాగితంలో ఒకే పేరు, సరైన పేరు ఉండాలి. కులం పేరుతో తిడితే 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉందని గేటు దగ్గర బోర్డు కట్టాలి.

మూడు. భద్రతా కమిటీల్లో కార్మికుల ప్రతినిధులు యాజమాన్యం ప్రతినిధుల కంటే తక్కువ ఉండకూడదని చట్టం చెబుతోంది. ఆ ప్రతినిధుల్లో దుమ్ము పీల్చేవాళ్ళు, బస్తా మోసేవాళ్ళు ఉండాలి. మెంఫిస్‌లో ఆ ఇద్దరూ చచ్చింది బండి బాగాలేదని చెప్పేవాడి మాట వినేవాడు లేకే.

నాలుగు. ప్రైవేటు కంపెనీల్లో మనకి రిజర్వేషన్ లేదు. భూమి తీసుకునేటప్పుడు మన ఊరు గుర్తొస్తుంది, నీళ్ళు తోడేటప్పుడు మన కృష్ణ గుర్తొస్తుంది. మేస్త్రీ పోస్టు, సూపర్‌వైజరు పోస్టు వచ్చేసరికి ప్రతిభ గుర్తొస్తుంది. ఇరవై ఏళ్ళు బట్టీ ముందు నిలబడ్డవాడికి లేని ప్రతిభ, నిన్న బస్సు దిగినవాడికి ఎక్కణ్ణించి వచ్చింది? పై పోస్టుల్లో ఎవరెవరున్నారో లెక్క చెప్పమని ప్రతి సంఘం రాతపూర్వకంగా అడగాలి.

అయిదు. ఇదే లెక్క మన సంఘాల్లోనూ తీయాలి. మాల, మాదిగ, రెల్లి, ఆడ, మగ, ఎవరికి ఏ బాధ్యత ఇచ్చామో గోడ మీద రాయాలి. ముందు మన గోడ మీద రాస్తే, వాళ్ళ గోడ మీద రాయమని అడిగే నోరు మనకొస్తుంది.

ఇదంతా ఒక్క ఏడాదిలో అయ్యేది కాదని మాకు తెలుసు. పోర్టర్లకి పన్నెండేళ్ళు పట్టింది. చరిత్ర వారం నెల కావడానికి యాభై ఏళ్ళు పట్టింది. ఆ లోడింగు కుర్రాడికి 'మళ్ళీ ఏడు చూద్దాం' అన్నారు కదా. సరే, మళ్ళీ ఏడు వస్తాం. ఒక్కడే చెయ్యెత్తకుండా షిఫ్టు షిఫ్టంతా చెయ్యెత్తేలా వస్తాం. ఫొటో దించనివ్వం. ఆ ఫొటో మన చెమటతో లోపలికి పోయింది. కానీ ఈసారి ఫొటో పక్కన కుర్చీ మనం వేసుకుంటాం, మనమే కూర్చుంటాం.

జై భీమ్.